ఆవిరమ్మ రాసిన ముప్పైలు

ఆవిడకి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది. ఉద్యోగం కాగితాల్లో అదే ఉంది. కానీ ఆ పేరుతో పిలిచిన మనిషి లేడు. ఆస్పత్రిలో ముప్పై ఒక్క ఏళ్లు ఆవిరి మిషను దగ్గర పనిచేసింది కాబట్టి అందరికీ ఆవిరమ్మే. డాక్టర్లకీ ఆవిరమ్మే, వరండా ఊడ్చేవాళ్లకీ ఆవిరమ్మే. పాస్టరు గారు కూడా ఒక్కోసారి ప్రార్థన మధ్యలో నోరు జారి "మా ఆవిరమ్మని కాపాడు తండ్రీ" అనేసేవారు. ఎవరి సంగతో దేవుడికి అర్థమయ్యే ఉంటుంది.

"ఏముందిలెండి, కత్తెర్లు ఉడకబెట్టడమేగా" అని ఎవరైనా అంటే మాత్రం ఆవిడకి ఒళ్లు మండేది. అన్నవాణ్ణి చెయ్యి పట్టుకుని తన గదికి లాక్కెళ్లి మరీ చూపించేది. ఆపరేషన్లో వాడిన కత్తెర్లూ పటకార్లూ రక్తం మరకలతో వస్తాయి. వాటిని బ్రష్షు పెట్టి, కీళ్ల దగ్గర ఇరుక్కున్నది కూడా పోయేదాకా తోమాలి. ఆరబెట్టి, లెక్క చూసి, ఆకుపచ్చ గుడ్డ రెండు పొరలుగా చుట్టి మూట కట్టాలి. మూట మీద ఓ టేపు ముక్క అంటించాలి. ఆ టేపు మీద లేత చారలుంటాయి, వేడి తగిలితే నల్లబడతాయి. మూటలన్నీ మిషన్లో సర్ది తలుపు చక్రం బిగించాలి. లోపల వేడి ఎక్కి, మీటరు ముల్లు ఎర్రగీత దగ్గర నిలబడ్డాక, అక్కణ్ణుంచి ముప్పై నిమిషాలు. "ఇరవై తొమ్మిది కాదు నాయనా, ముప్పై" అనేది ఆవిరమ్మ వేలు చూపించి. ఆ తర్వాత నోటుబుక్కులో ఎన్నో విడతో, ఎన్ని మూటలో, ఎన్ని నిమిషాలో రాసి సంతకం పెట్టాలి.

వచ్చినవాడు బుద్ధిగా తలూపి బతుకుజీవుడా అని బయటపడేవాడు.

భర్త పోయి ఇరవై ఏళ్లయింది. పిల్లల్లేరు. పని అయిపోతే ఇల్లు, ఇల్లు కాకపోతే సంఘం. గురువారం స్త్రీల కూడిక నడిపేది, ఆదివారం పిల్లలకి వాక్యం చెప్పేది. ఇవి కాక ఆవిడకి ఇంకో పని ఉండేది. అది ఎవరూ అప్పగించలేదు, తనే నెత్తికెత్తుకుంది. తప్పు చేసి దాచుకుని తిరుగుతున్నవాళ్లని కనిపెట్టడం, కూర్చోబెట్టి మాట్లాడటం, వాళ్లచేత ఆ తప్పు ఎవరికి చెప్పాలో వాళ్లకి చెప్పించడం.

అందులో ఆవిడ చెయ్యి తిరిగిన మనిషి. ఇద్దరు తోడికోడళ్లు ఓ ఇస్త్రీపెట్టె కాలిపోయిన గొడవలో నాలుగేళ్లు మాటల్లేకుండా ఉంటే, "అక్కా, కాల్చింది నేనే" అని చిన్నావిడ చేత చెప్పించింది ఈవిడే. బడిలో గుమాస్తా ఒకాయన, తన పరీక్ష ఎప్పుడో తమ్ముడి చేత రాయించుకున్నవాడు, ఈవిడ మాట విని పై అధికారి దగ్గర ఒప్పేసుకున్నాడు. ఆయనకి రావాల్సిన హెడ్‌గుమాస్తా కుర్చీ పోయింది. "కుర్చీ పోయింది, నిద్ర వచ్చింది" అని ఆయనే సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్తే అందరూ నవ్వారు, కొందరు ఏడ్చారు.

వీళ్లందరికీ ఆవిరమ్మ చెప్పే మాట ఒక్కటే. "నోటితో చెప్పెయ్యి. బరువు అదే దిగుతుంది."

మంచి మనిషేనండీ. ఈ మాట ముందే చెప్పి పెట్టడం నయం. తర్వాత జరిగింది విని తొందరపడి ఏదో ఒకటి అనేస్తారు.

ఆవిడ చెల్లెలికి ఒక్కతే కూతురు. ఆ పిల్లకి తొమ్మిదేళ్లప్పుడు తల్లి పోయింది, తండ్రి ఇంకో సంసారం చూసుకున్నాడు. ఆవిరమ్మే తెచ్చి పెంచింది. ఇంట్లో 'చిన్నది' అని పిలిచేవారు, పెద్దదైనా, పెళ్లయినా, దానికో కూతురు పుట్టినా చిన్నదే. ప్రార్థన నేర్పింది పెద్దమ్మే, సైకిలు నేర్పింది పెద్దమ్మే. ఇరవై రెండేళ్లకి ఆస్పత్రిలో తన గదిలోనే పని ఇప్పించి, మూట కట్టడం నేర్పింది కూడా పెద్దమ్మే. దాని భర్త లారీ తోలతాడు, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. పదకొండేళ్లుగా ఆ గదిలో ఇద్దరూ ఎదురుబొదురు బల్లల దగ్గర పనిచేశారు. ఒకళ్లు తోమితే ఒకళ్లు చుట్టేవారు. చుడుతూ పాటలు పాడుకునేవారు. చిన్నదాని గొంతు బావుంటుంది, ఆవిరమ్మది మిషను గొంతు.

ఆవిరమ్మ పదవీ విరమణకి నాలుగు నెలలున్నాయనగా ఆస్పత్రిలో ఓ వారం చాలా చెడ్డగా గడిచింది. ఆ వారం కడుపు కోసి కాన్పు చేసిన నలుగురికి కుట్ల దగ్గర చీము పట్టింది, జ్వరాలొచ్చాయి. ముగ్గురు ఎలాగో బయటపడ్డారు. నాలుగో ఆవిడ, మార్కెట్ వెనక వీధిలో ఉండే దర్జీ భార్య, తొమ్మిదో రోజున పోయింది. మొదటి కాన్పు. మగబిడ్డ.

విచారణ పెట్టారు. నీళ్లు పరీక్ష చేశారు, చేతి తొడుగుల డబ్బాలు విప్పి చూశారు, ఆపరేషను గది గోడలు కూడా గీకి చూశారు. ఆవిరి గది నోటుబుక్కు తెప్పించుకుని తిరగేశారు. అన్ని విడతలకీ ముప్పై నిమిషాలు, కింద సంతకం. ముచ్చటగా ఉంది. తీసుకొచ్చినవాడి చేతికే తిరిగి ఇచ్చేశారు. కారణం తేలలేదని కాగితం తయారవుతోందని ఆస్పత్రంతా అనుకున్నారు.

ఆ మర్నాడు మధ్యాహ్నం, మూటలు చుడుతూ చుడుతూ చిన్నది ఆగిపోయింది.

"పెద్దమ్మా."

"ఊఁ."

"నీకో సంగతి చెప్పాలి."

ముప్పై ఏళ్లుగా ఎంతమంది నోట విన్నదో ఆ మాట! ఆ గొంతు ఎలా ఉంటుందో ఆవిరమ్మకి తెలుసు. చేతిలో గుడ్డ పక్కన పెట్టేసింది.

"ఆ సోమవారం నువ్వు పంటి నొప్పని రాలేదు చూడు. పొద్దున కరెంటు పోయి మిషను ఆలస్యమైంది. ఆపరేషను గది నించి ఒకటే ఫోన్లు. రోగిని బల్ల మీద పడుకోబెట్టేశాం, మూటలేవీ అని. నేను పదహారు నిమిషాలకే తీసేశాను పెద్దమ్మా. బుక్కులో ముప్పై అని రాశాను. ఆ నలుగురికీ వెళ్లినవి ఆ విడత మూటలే. నంబర్లు చూసుకున్నాను. నాలుగుసార్లు చూసుకున్నాను."

"అలా ఎలా తీశావే!" అంది ఆవిరమ్మ.

"టేపు నల్లబడింది. చూశాను. నల్లగానే ఉంది. అందుకే..."

చిన్నది అంతకంటే ఏమీ అనలేదు, పెద్దమ్మ మొహంలోకి కూడా చూడలేదు. కానీ ఆ ఒక్క మాటతో ఆవిరమ్మకి పదకొండేళ్ల కిందటి రోజు కళ్ల ముందుకొచ్చి నిలబడింది. చిన్నది పనిలో చేరిన రెండో నెల. ఆ రోజూ ఇలాగే ఫోన్లు, ఇలాగే కేకలు. ఆవిరమ్మే చక్రం తిప్పి తలుపు తీసింది. సగం సమయమే అయింది కదా పెద్దమ్మా అని ఈ పిల్ల అడిగితే, మూట మీద టేపు చూపించి, "నల్లబడిందిగా, చాల్లే. ఎప్పుడో ఒకసారి ఏం కాదు" అంది. బుక్కులో ముప్పై వేసింది. ఆ తర్వాత కూడా ఎప్పుడో ఒకసారి, ఏడాదికి రెండో మూడో, అలా వేసింది. దాన్ని తప్పని గానీ, అబద్ధమని గానీ ఆవిడ ఒక్కనాడూ అనుకోలేదు. పని తెలిసిన మనిషి ఒడుపు అనుకుంది. టేపు చెప్పేది వేడి తగిలిందనే, లోపలి క్రిములు చచ్చాయని కాదు. అది ఆవిడకి తెలీదా? తెలుసు. కొత్తగా వచ్చిన వాళ్లందరికీ ఆవిడే పాఠం చెప్పింది.

అయినా మనసు ఎంత జిత్తులమారిదంటే, అది వేరు ఇది వేరు అని అప్పటికప్పుడు సర్దేసుకుంది. అప్పుడు ఎవరికీ ఏమీ కాలేదుగా అనుకుంది.

"చెప్పాలి చిన్నదానా," అంది చివరికి.

"నాకు తెలుసు. నువ్వు అదే అంటావని తెలిసే నీ దగ్గరికొచ్చాను. ఎవరికీ తెలీదు, తెలియదు కూడా. చెప్తే నా ఉద్యోగం పోతుంది. అయినా నిద్ర పట్టట్లేదు పెద్దమ్మా. బిడ్డకి అన్నం పెడుతుంటే ఆ పసివాడే గుర్తొస్తున్నాడు."

"నోటితో చెప్పెయ్యి. బరువు అదే దిగుతుంది."

"నువ్వూ నాతో వస్తావా?"

"రాకుండా ఉంటానా!"

వెళ్లారు. పెద్ద డాక్టరు గారు, హెడ్ సిస్టర్, రాసుకోవడానికి ఆఫీసు గుమాస్తా, ముగ్గురూ బల్లకి అటు కూర్చున్నారు. ఇటు చిన్నది నిలబడింది, ఆవిరమ్మకి మాత్రం వయసు చూసి కుర్చీ వేశారు. చిన్నది చెప్పింది. ఏడవకుండా, ఎక్కడా సాగదీయకుండా, పెద్దమ్మ ఆదివారపు బడిలో నేర్పినట్టే ఉన్నదున్నట్టు చెప్పింది. గుమాస్తా పెన్ను ఆగకుండా నడిచింది.

అప్పుడు పెద్ద డాక్టరు గారు అడిగారు. "టేపు చూసి తీసేయొచ్చని నీకెవరు చెప్పారు?"

గదిలో ఫాను తిరుగుతోంది.

"ఎవరూ చెప్పలేదు సార్. నాకే తోచింది."

అంతే. ఆవిరమ్మ లేవబోయింది. నిజం, లేవబోయింది. కుర్చీ కిర్రుమంది. నోరు తెరిచింది, గాలి లోపలికి పోయింది గానీ మాట బయటికి రాలేదు. ఒక్క క్షణం ఆగి చెప్దాం, ఈ పిల్లని పూర్తి చెయ్యనిద్దాం అనుకుంది. ముప్పై ఒక్క ఏళ్ల పేరు, ఈ గదిలో ముగ్గురి కళ్ల ముందు, ఇలా కుర్చీలో కూర్చుని పోగొట్టుకోవడమా అని కూడా అనుకుంది. ఈలోపు గుమాస్తా ఆ మాట రాసేసుకుని పేజీ తిప్పేశాడు.

చిన్నదాని ఉద్యోగం ఆ సాయంత్రానికే పోయింది.

ఇంత జరిగితే నాలుగు గోడల మధ్య ఆగుతుందా? ఆదివారం నాటికి సంఘమంతా పాకింది. పాస్టరు గారు ప్రసంగం మధ్యలో ఆగి, ఆవిరమ్మ కూర్చున్న వరస వైపు చూశారు. "సొంత రక్తమని కూడా చూడకుండా చెయ్యి పట్టుకుని సత్యం దగ్గరికి నడిపించిన తల్లి మన మధ్య ఉంది. వచ్చే ఆదివారం ఆవిడ సాక్ష్యం చెప్తారు. అందరూ రండి, రానివాళ్లని తీసుకురండి" అన్నారు. చుట్టూ కూర్చున్నవాళ్లు ఆవిరమ్మ భుజం తట్టారు. ఆవిడ తల వంచుకుంది. ఎంత వినయమో అనుకున్నారు.

చిన్నది ఆ రోజు ఆరాధనకి రాలేదు. సోమవారం ఫోను చేస్తే తీయలేదు. బుధవారం ఆవిరమ్మే వెళ్లింది.

చిన్నది వంటగదిలో నేల మీద కూర్చుని కూతురి బడి బూట్లు తుడుస్తోంది. లేచి కుర్చీ వేసింది, మంచినీళ్లిచ్చింది, మళ్లీ వెళ్లి బూట్ల దగ్గర కూర్చుంది.

"ప్రార్థనకి రాలేదేం?" అంది ఆవిరమ్మ. అడగాల్సింది అది కాదని ఆవిడకీ తెలుసు.

"నీ గురించి పాస్టరు గారు చెప్పారటగా. పక్కింటావిడ చెప్పింది."

"నేనేం చెప్పమనలేదే ఆయన్ని."

"వద్దని కూడా అనలేదుగా."

ఆవిరమ్మకి మొహం చెల్లలేదు. మొహం చెల్లనప్పుడు మనిషికి కోపమొస్తుంది. "ఎవరూ చెప్పలేదని నువ్వేగా అన్నావు! నేను అనమన్నానా?"

చిన్నది చేతిలో బూటు కింద పెట్టింది. "నువ్వు నోరు తెరుస్తావని చూశాను పెద్దమ్మా. కుర్చీ కిర్రుమంది. లేస్తున్నావనుకున్నాను. నేను అబద్ధమాడాను, నువ్వు ఊరుకున్నావు. రెండిట్లో ఏది పెద్ద తప్పో నువ్వే చెప్పు. ఊళ్లో అందరికీ చెప్తావుగా."

"నా కోసం ఎందుకాడావే?"

"ఎందుకంటే ఏం చెప్పను! అమ్మ పోయినప్పుడు నన్ను తెచ్చుకున్నావు. నిన్ను అక్కడ నలుగురిలో నిలబెట్టడానికి నాకు నోరు రాలేదు." ఆ పిల్ల బూటు మళ్లీ చేతిలోకి తీసుకుంది. "నువ్వు నాకు నేర్పినవి రెండు. టేపు నల్లబడితే చాలని ఒకటి, తప్పు చేస్తే ఒప్పుకోవాలని ఒకటి. రెండూ నువ్వు నేర్పినట్టే చేశాను. ఇంకేం చెయ్యమంటావు?"

ఆవిరమ్మ మంచినీళ్ల గ్లాసు ముట్టకుండానే లేచి వచ్చేసింది.

మర్నాడు పొద్దున గదికి వెళ్లి, ఎదుటి బల్ల ఖాళీగా ఉంటే అటు చూడలేక, అలమార తీసి పాత నోటుబుక్కులు బయట పెట్టింది. పదకొండు ఏళ్లవి, పద్దెనిమిది బుక్కులు. ఎన్నిసార్లు తలుపు ముందుగా తీసిందో చూసుకుందామని. తన తప్పెంతో తేలితే అంతా ఒప్పుకోవచ్చు, తేలనిది ఎలా ఒప్పుకోవడం అనుకుంది. మొదటి బుక్కు తెరిచింది. ముప్పై. ముప్పై. ముప్పై. పేజీ తిప్పింది, ముప్పై. ఆవిడ దస్తూరీ చక్కనిది, ఆఫీసులో కూడా మెచ్చుకునేవారు. నిజంగా ముప్పై అయిన రోజున ఎలా రాసిందో, సగంలోనే తీసిన రోజున కూడా అలాగే రాసింది. అదే సిరా, అదే ఒంపు, కింద అదే సంతకం. చెయ్యి కూడా వణకలేదు. వణికితే కనీసం గుర్తుపట్టేది.

మధ్యాహ్నం దాకా చూసింది. ఒక్కటీ పట్టుకోలేకపోయింది. ఆ ముప్పైల వెనక ఎవరెవరున్నారో, ఇంటికెళ్లాక ఎవరికి జ్వరమొచ్చిందో, ఎవరు ఏమైపోయారో, ఈ జన్మకి తెలిసే దారి లేదు. "ప్రభువా, నేను అడగడానికి కూడా పేర్లు లేవు" అని పైకే అనేసి, బుక్కుల మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపులో చిన్నది లేదు, పరువు లేదు. ఉత్త భయం.

శుక్రవారం హెడ్ సిస్టర్ గదికి వెళ్లి చెప్పింది. హెడ్ సిస్టర్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎన్నిసార్లు?"

"తెలీదు సిస్టర్."

"తెలీదంటే ఏంటమ్మా?"

"రాసినవన్నీ ముప్పైలే సిస్టర్."

హెడ్ సిస్టర్ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. "మూడు నెలల్లో వెళ్లిపోతున్నారు. ఆ విచారణ అయిపోయింది. ఇప్పుడెందుకు చెప్పారు ఇది నాకు?" అన్నారు చివరికి. ఆ అడగడంలో కోపం కంటే బెంగ ఎక్కువుంది. ఎందుకంటే విన్నాక ఇక ఆవిడ కూడా ఊరుకోవడానికి వీల్లేదు. కాగితం మీద రాసిమ్మన్నారు. ఆవిరమ్మ తన చక్కని దస్తూరీతోనే రాసిచ్చింది. చిన్నదాన్ని మళ్లీ తీసుకుంటారా అని అడిగితే, "నేర్పింది మీరే అయినా తీసింది తనేగా" అన్నారు. కాదనడానికేముంది! గది తాళంచెవి ఆ పూటే అప్పగించి వచ్చేసింది. ముప్పై ఒక్క ఏళ్ల కొలువుకి వీడ్కోలు అంతే.

ఆదివారం మందిరం కిటకిటలాడింది. రానివాళ్లని కూడా తెచ్చారు మరి. ఆవిరమ్మ ముందుకెళ్లి నిలబడింది. మైకు అందక పాస్టరు గారే వంచి పెట్టారు.

"నేను చెప్పబోయేది మీరు వినడానికొచ్చింది కాదు," అంది. "నా చెల్లెలి కూతురు చేసిన తప్పు దానికి నేర్పింది నేనే. పదకొండేళ్ల కిందట నేర్పాను. దాని ముందు చేశాను, దాని వెనక చేశాను. రాసింది అబద్ధం. ఎన్నిసార్లో నాకే తెలీదు. అది అందరి ముందు నిలబడి ఒప్పుకుంటే నేను పక్కన కుర్చీలో కూర్చున్నాను. ఎవరు నేర్పారని వాళ్లడిగారు. నేను పలకలేదు. మిమ్మల్నందరినీ పలికించాను, నేను మాత్రం పలకలేదు. నన్ను చూసి మీరేమీ నేర్చుకోకండి. దాన్ని చూసి నేర్చుకోండి."

ఎప్పుడూ సాక్ష్యం అయిపోగానే ఆమెన్ అని మందిరం మోగిపోయేది. ఆ రోజు ఒక్క గొంతు లేవలేదు. బడి గుమాస్తా, కుర్చీ పోయి నిద్ర వచ్చిందన్నాయన, మూడో వరస నించి లేచి ఎవరి వంకా చూడకుండా బయటికెళ్లిపోయాడు. పాస్టరు గారు పాట అందుకోబోయి, మొదటి పాదం మర్చిపోయి, గొంతు సవరించుకుని కూర్చున్నారు. ఆవిరమ్మ ఒక్కతే మధ్య దారిలో నడుచుకుంటూ వచ్చేసింది.

గేటు దగ్గర చిన్నది నిలబడి ఉంది. చివరి వరస వెనక గోడకానుకుని అంతా విన్నదట. ఆవిరమ్మని చూసి దగ్గరికి రాలేదు, దూరంగా పోనూ లేదు.

"నోటితో చెప్పేశావుగా పెద్దమ్మా. బరువు దిగిందా?"

ఎగతాళికి అడిగింది కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఇన్నేళ్లూ అందరికీ మాటిచ్చినట్టు చెప్పిన మాటది. ఆవిరమ్మ కాసేపు చూసుకుంది, గుండెలో చెయ్యి పెట్టి వెతుక్కున్నట్టు.

"లేదే."

"నాకూ దిగలేదు," అంది చిన్నది. తర్వాత, "దర్జీకి చెప్పావా?" అని అడిగింది.

"హెడ్ సిస్టర్‌కి రాసిచ్చాను. ఇదిగో, ఇప్పుడు సంఘానికి..."

"వీళ్లెవరి భార్యా పోలేదుగా పెద్దమ్మా."

ఇద్దరూ మార్కెట్ వెనక వీధి వైపు నడిచారు. ఒక చోట రోడ్డు దాటాల్సొస్తే చిన్నది పెద్దమ్మ మోచెయ్యి పట్టుకుంది, దాటాక వదల్లేదు.

దర్జీ ఇంటి ముందుగదే కొట్టు. ఆదివారమైనా పని మీదే ఉన్నాడు. ఓ చొక్కా ఒళ్లో వేసుకుని చేత్తో కాజాలు కుడుతున్నాడు. కాలి దగ్గర, గుడ్డముక్కలు పరిచిన బుట్టలో పిల్లాడు నిద్రపోతున్నాడు. ముప్పై దాటని మనిషి, గడ్డం మాసి, కళ్లు లోతుకుపోయి ఉన్నాడు.

"కుట్టు పనా అమ్మా? ఈ వారం తీసుకోవట్లేదండీ" అన్నాడు.

"కుట్టు పని కాదు బాబూ. మేం ఆస్పత్రిలో ఆవిరి గదిలో పనిచేసేవాళ్లం. మీ ఆవిడ గురించి చెప్పాలని వచ్చాం."

అతను సూది గుడ్డకి గుచ్చి ఆగాడు. చిన్నది ముందు చెప్పింది. తర్వాత ఆవిరమ్మ చెప్పింది. మూటల సంగతి, టేపు సంగతి, బుక్కులో రాసిన సంగతి, ఎవరికి ఎవరు నేర్పారో ఆ సంగతి. అదే కారణమని ఎవరూ ఖాయంగా అనలేరని, కానీ అదేనని తమకి అనిపిస్తోందని కూడా చెప్పారు. అంతా విన్నాక అతను ఒక్కటే అడిగాడు.

"ఇంకెంతసేపు ఉంచాల్సింది?"

"పద్నాలుగు నిమిషాలు" అంది ఆవిరమ్మ.

అతను ఒళ్లో ఉన్న చొక్కా వైపు చూశాడు. "పద్నాలుగు నిమిషాలా! నేను ఈ కాజాలు కుట్టేంతసేపు కూడా కాదు కదమ్మా."

ఆవిరమ్మ చేతులు రెండూ జోడించింది. ఏదో అనబోతే అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆ మాట అడక్కండి. ఇప్పుడు నన్ను ఆ మాట అడక్కండి, మీకు పుణ్యముంటుంది. వెళ్లిపోండి."

వెనక్కి తిరిగారు. గుమ్మం దాటుతుండగా బుట్టలో పిల్లాడు లేచి ఏడుపు అందుకున్నాడు. దర్జీ వాణ్ణి ఎత్తుకుని భుజాన వేసుకున్నాడు. వెనక నించి పిలిచాడు.

"అమ్మా!"

ఆగారు.

"ఒంట్లో విషం చేరిందన్నారు అక్కడ. ఎలా చేరిందని అడిగితే ఎవరూ చెప్పలేదు. మీరు మళ్లీ రండి. ఈ రోజు నాకు బుర్రకెక్కలేదు, సగం వినపడలేదు కూడా. మళ్లీ వచ్చి మొదట్నించి, మెల్లిగా చెప్పండి. మిమ్మల్ని నేనేమీ క్షమించట్లేదు. కానీ రేపు వీడు పెద్దవాడై అమ్మ ఎలా పోయిందని అడుగుతాడు. వాడికి నేను నిజం చెప్పాలి కదా."

వస్తానని ఆవిరమ్మ తలూపింది.

పై ఆదివారం స్త్రీలెవరూ ఆవిరమ్మ పక్కన కూర్చోలేదు. గురువారం కూడికని ఇంకెవరో నడిపారు. దాచుకున్న తప్పుల గురించి మాట్లాడటానికి ఆవిడ ఇంటికి ఆ తర్వాత ఎవరూ రాలేదు. ఆరాధన అయిపోగానే ఆవిడ మాత్రం మార్కెట్ వెనక వీధికి వెళ్లి, దర్జీ వేసిన స్టూలు మీద కూర్చుని, మొదట్నించి మెల్లిగా చెప్పడం మొదలుపెట్టింది.